యూనిట్ – 9: కుక్కపిల్ల శిక్షణలో ఆహార బహుమతి, తేలికైన లీష్

విషయక్రమం
9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 సైద్ధాంతిక నేపథ్యం
9.3 ఆహార బహుమతి
9.4 తేలికైన లీష్
9.5 అనువర్తనం: ‘రా’ అనే పిలుపు
9.6 దండన – పరిమితులు
9.7 వయసు, ఆరోగ్యం, భద్రత
9.8 సారాంశం
9.9 మీ ప్రగతిని సమీక్షించుకోండి – సమాధానాలు
9.10 మాదిరి పరీక్షా ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు:
• కుక్కపిల్ల శిక్షణలో శాస్త్రీయ నిబంధనం, కార్యసాధక నిబంధనం ఎలా పనిచేస్తాయో వివరించగలుగుతారు.
• ఎర, బహుమతి మధ్య భేదాన్ని గుర్తించగలుగుతారు.
• బరువైన గొలుసుకు బదులు తేలికైన లీష్ ఎందుకు వాడాలో కారణాలతో చెప్పగలుగుతారు.
• దండన వల్ల కలిగే అనుకోని ఫలితాలను విశ్లేషించగలుగుతారు.

9.1 పరిచయం

శాస్త్రీయ నిబంధనం, కార్యసాధక నిబంధనం అనే రెండు అభ్యసన ప్రక్రియల గురించి మీరు గత యూనిట్‌లో చదివారు. నిర్వచనాలను పరీక్ష కోసం గుర్తుంచుకోవడం ఒక ఎత్తు, ఆ సూత్రాలు కళ్ళెదుట పనిచేయడం చూడటం మరొక ఎత్తు. కుక్కపిల్ల ఉన్న ఏ ఇంట్లోనైనా వాటిని రోజూ చూడవచ్చు. అందుకే ఈ యూనిట్‌లో కుక్కపిల్ల శిక్షణను ఉదాహరణగా తీసుకుంటున్నాం.

మన ఊళ్ళలో, పట్టణాల్లో తరచు కనిపించే ఒక పరిణామాన్ని గమనించండి. రెండు నెలల కుక్కపిల్లను ముచ్చటపడి తెచ్చుకుంటారు. అది మీదికి ఎగబడితే నవ్వుకుంటారు, చేతిని కొరికితే ఆటనుకుంటారు. ఆరో నెల వచ్చేసరికి అదే ఎగబాటుకు ఇంట్లోని చిన్నపిల్లలు కింద పడతారు. అప్పుడు గేటు పక్కన గొలుసుతో కట్టేస్తారు. కట్టేసిన కుక్క వచ్చేపోయేవారిపై మొరుగుతుంది. మొరుగుతుందని ఇంకా ఎక్కువసేపు కట్టేస్తారు. చివరకు ‘దీనికి బుద్ధి రాదు’ అని ఊరి చివర వదిలేసి వచ్చేవారూ ఉన్నారు. ‘కుక్క తోక వంకర’ అన్న సామెత ఇలాంటి సందర్భంలో చాలామందికి ఓదార్పు.

అయితే లోపం నేర్చుకోవడంలో ఉందా, నేర్పడంలో ఉందా? మనం ఏ ఉద్దేశంతో ఒక పని చేశామో కుక్కపిల్లకు తెలియదు. తాను చేసిన పని వెంటనే ఏ ఫలితం వచ్చిందో మాత్రమే దానికి తెలుస్తుంది. ఈ యూనిట్ అంతటికీ ఆధారం ఈ ఒక్క విషయమే.

9.2 సైద్ధాంతిక నేపథ్యం

9.2.1 పావ్లోవ్: సంకేతాన్ని నేర్చుకోవడం

రష్యన్ శరీరధర్మ శాస్త్రజ్ఞుడు ఇవాన్ పావ్లోవ్ జీర్ణక్రియపై చేసిన పరిశోధనలకు 1904లో నోబెల్ బహుమతి పొందాడు. ఆహారం నోటికి అందకముందే, దాన్ని సూచించే సంకేతానికే కుక్కలకు లాలాజలం ఊరడాన్ని ఆయన క్రమబద్ధంగా అధ్యయనం చేశాడు. ఆహారం నిర్నిబంధిత ఉద్దీపన. దానికి ముందు మళ్ళీ మళ్ళీ వినిపించిన మెట్రోనోమ్ చప్పుడు వంటిది నిబంధిత ఉద్దీపన.

ఇంట్లో దీన్ని గమనించడం తేలిక. అన్నం గిన్నె చప్పుడు వినగానే కుక్కపిల్ల వంటగది గుమ్మం దగ్గరకు పరుగెత్తుతుంది. స్నానం చేయించే బకెట్ తీయగానే మంచం కిందికి దూరుతుంది. గిన్నెకూ బకెట్‌కూ సహజంగా ఏ అర్థమూ లేదు. వాటి వెంట వచ్చిన అనుభవమే వాటికి అర్థాన్నిచ్చింది. లీష్, మెడపట్టీ, మన చేయి, మన గొంతు కూడా ఇలాగే ఇష్టమైన సంకేతాలుగానో భయపెట్టే సంకేతాలుగానో మారతాయి.

9.2.2 థార్న్‌డైక్, స్కిన్నర్: ఫలితం నుంచి నేర్చుకోవడం

ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1898లో ప్రచురించిన పరిశోధనలో, పిల్లులను చిక్కుపెట్టెల్లో ఉంచి అవి బయటపడే తీరును పరిశీలించాడు. సంతృప్తికరమైన ఫలితాన్నిచ్చిన చర్య స్థిరపడుతుందని ఆయన ఫలిత నియమం చెబుతుంది. బి. ఎఫ్. స్కిన్నర్ దీన్ని విస్తరించి కార్యసాధక నిబంధనాన్ని ప్రతిపాదించాడు. 1951లో ఒక విజ్ఞానశాస్త్ర పత్రికలో సాధారణ పాఠకుల కోసం ఆయన రాసిన వ్యాసంలో, చిన్న చప్పుడు చేసే ఆటబొమ్మ, కొద్దిపాటి ఆహారం సాయంతో కుక్కకు ఎలా నేర్పవచ్చో వివరించాడు. చప్పుడుతో ‘నువ్వు ఇప్పుడు చేసింది సరైనది’ అని తెలియజేసి, వెంటనే ఆహారం ఇచ్చే నేటి శిక్షణ పద్ధతికి మూలం ఇక్కడ కనిపిస్తుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
గమనిక: మీ సమాధానాన్ని విడి కాగితంపై రాసి, యూనిట్ చివర ఇచ్చిన సమాధానంతో సరిచూసుకోండి.
లీష్ చేతిలోకి తీసుకోగానే కుక్కపిల్ల సంతోషంతో గెంతింది. ఇందులో నిబంధిత ఉద్దీపన ఏది?

9.3 ఆహార బహుమతి

9.3.1 లంచమా, కూలా?

‘తిండి చూపిస్తేనే మాట వింటుంది, ఇది లంచం కదా’ అన్న అభ్యంతరం తరచు వింటాం. పని చేయకముందే చూపించి ఆశపెట్టేది లంచం. పని పూర్తయిన తరువాత ఇచ్చేది కూలి. శిక్షణలో ఆహారం కూలిగా ఉండాలి. తొలి పాఠంలో మాత్రం దాన్ని కొద్దిసార్లు ఎరగా వాడతాం.

‘కూర్చో’ అని నేర్పే క్రమాన్ని చూడండి. బుజ్జి అనే మూడు నెలల నాటు కుక్కపిల్ల మీ ముందు నిలబడి ఉందనుకుందాం.

(1) వేళ్ళ మధ్య చిన్న ఆహారపు ముక్కను పట్టుకుని బుజ్జి ముక్కు దగ్గర ఉంచండి.
(2) ముక్కను నెమ్మదిగా దాని తల మీదుగా వెనక్కి కదపండి. ముక్కును పైకెత్తి అనుసరిస్తున్నప్పుడు వెనుక భాగం సహజంగా నేలకు ఆనుతుంది.
(3) ఆనిన క్షణంలోనే ‘శభాష్’ అని ముక్క ఇవ్వండి.
(4) ఇలా ఐదారుసార్లు అయ్యాక, చేతిలో ముక్క లేకుండా అదే సైగ చేయండి. కూర్చోగానే రెండో చేతితో బహుమతి ఇవ్వండి.
(5) సైగకు తడబడకుండా కూర్చుంటున్నప్పుడు, సైగకు ముందు ‘కూర్చో’ అన్న మాటను చేర్చండి.

నాలుగో మెట్టు కీలకం. దీన్ని వదిలేసినవారి కుక్కలే తిండి కనిపిస్తే తప్ప మాట వినవు. వాటికి సంకేతం మన మాట కాదు, చేతిలోని ముక్క.

మాట విషయంలో మరొక జాగ్రత్త అవసరం. మన ఇళ్ళలో పిల్లలు ‘సిట్’ అంటారు, నాయనమ్మ ‘కూచో’ అంటుంది, నాన్న ‘సిట్ డౌన్ రా’ అంటాడు. కుక్కపిల్లకు తెలుగూ ఇంగ్లీషూ ఒక్కటే. కానీ ఒక పనికి మూడు మాటలుంటే అవి మూడు వేర్వేరు పాఠాలవుతాయి. ఇంటిల్లిపాదీ ఒకే మాట వాడాలి.

9.3.2 సమయం

ఆశించిన చర్య జరిగిన ఒక్క క్షణంలో బహుమతి అందాలి. బుజ్జి కూర్చున్నాక మీరు డబ్బా మూత తీసి ముక్క వెతికేలోగా అది లేచి మీదికి ఎగబడిందనుకుందాం. అప్పుడు ముక్క ఇస్తే, బలపడేది ఎగబడటమే. అందువల్ల పాఠం మొదలుపెట్టకముందే ముక్కలను జేబులోనో నడుముకు కట్టిన చిన్న సంచిలోనో సిద్ధంగా ఉంచుకోవాలి. ‘శభాష్’ అన్న మాట వెంట ప్రతిసారీ ఆహారం వస్తే, ఆ మాటే నిబంధిత పునర్బలనంగా మారుతుంది. చేయి అందనంత దూరంలో ఉన్నప్పుడు ఇది ఎంతో ఉపయోగపడుతుంది.

9.3.3 ఏమివ్వాలి, ఎంత ఇవ్వాలి?

ముక్క శనగగింజంత ఉంటే చాలు. నమలకుండా మింగి, వెంటనే మళ్ళీ మన వైపు చూడగలిగేలా మెత్తగా ఉండాలి. ఉప్పు, కారం, మసాలా లేకుండా ఉడికించి, ఎముక తీసిన కోడిమాంసం, ఉడికించిన గుడ్డు ముక్కలు ఇవ్వవచ్చు. మాంసాహారం వండని ఇళ్ళలో పనీర్, ఉడికించిన చిలగడదుంప, క్యారెట్ ముక్కలు పనికివస్తాయి. కుక్కపిల్ల రోజూ తినే పొడి ఆహారంలోంచే ఒక గుప్పెడు పక్కకు తీసి వాడితే ఖర్చూ ఉండదు, తిండీ ఎక్కువ కాదు. బహుమతులు రోజు మొత్తం ఆహార శక్తిలో పదోవంతు మించకుండా చూసుకోవాలి.

ఉల్లిపాయ, వెల్లుల్లి, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ కుక్కలకు హానికరం. కొన్ని చక్కెర రహిత చూయింగ్ గమ్‌లలో, మిఠాయిలలో ఉండే జైలిటాల్ ప్రాణాంతకం కావచ్చు. మన కూరల్లో ఉల్లి, వెల్లుల్లి తప్పనిసరి కాబట్టి కంచంలో మిగిలిన ముక్కలను బహుమతిగా ఇవ్వకూడదు.

పాఠం మూడు నుంచి ఐదు నిమిషాలు దాటకూడదు. రోజుకు మూడు నాలుగు చిన్న పాఠాలు ఒక పెద్ద పాఠం కన్నా మేలు. కడుపు నిండిన పిల్లకు ఆహారం పునర్బలనం కాదు కాబట్టి భోజనానికి ముందు వేళ మంచిది.

9.3.4 బహుమతిని పలచబరచడం

కొత్త పని నేర్పేటప్పుడు ప్రతి సరైన ప్రతిస్పందనకూ బహుమతి ఇవ్వాలి. ఇది నిరంతర పునర్బలనం. పని స్థిరపడ్డాక కొన్నిసార్లు మాత్రమే ఇవ్వాలి. ఇది పాక్షిక పునర్బలనం. చెరువు గట్టున గాలం వేసినవాడికి ప్రతిసారీ చేప పడదు. ఎప్పుడు పడుతుందో తెలియదు కనుకనే గంటల తరబడి కూర్చుంటాడు. పాక్షిక పునర్బలనంతో నిలిచిన అలవాటు త్వరగా విరమణకు లోనుకాదు.

ఇదే సూత్రం మనకు ఎదురు తిరగవచ్చు. భోజనాల దగ్గర బుజ్జి అడుక్కుంటే నలుగురు ఇవ్వరు, ఒకరు ఎప్పుడో ఒకసారి జాలిపడి ముద్ద వేస్తారు. అడుక్కోవడం మానకపోవడానికి ఆ ఒక్క ముద్ద చాలు. అందరూ పూర్తిగా ఆపితే, మొదటి కొద్ది రోజులు అది మునుపటికన్నా ఎక్కువ గొడవ చేస్తుంది. విరమణ తొలిదశలో ఇది సహజం. ఆ రోజుల్లో లొంగితే ఎక్కువ గొడవకే పునర్బలనం ఇచ్చినట్లవుతుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
ఎరకు, బహుమతికి భేదం ఏమిటి?

9.4 తేలికైన లీష్

9.4.1 గొలుసుతో చిక్కు

మన దగ్గర కుక్క అనగానే ఇనుప గొలుసు గుర్తుకు వస్తుంది. మూడు కిలోల కుక్కపిల్లకు అరకిలో గొలుసు తగిలిస్తే, దాని బరువులో ఆరోవంతు మెడకు వేలాడుతుంది. అరవై కిలోల మనిషి మెడలో పది కిలోలు వేలాడదీసినట్లు. అంత బరువు కింద చేతి నుంచి వచ్చే చిన్న కదలిక పిల్లకు తెలియదు. తెలియాలంటే గట్టిగా గుంజాలి. గుంజితే నొప్పి, భయం. మెడపట్టీ వేయడమంటేనే కట్టివేత అన్న సంబంధం ఏర్పడుతుంది.

ఇది చట్టానికి సంబంధించిన విషయం కూడా. జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం, 1960లోని 11వ సెక్షన్ ప్రకారం, జంతువును మితిమీరి పొట్టిదైన లేదా బరువైన గొలుసుతో అసమంజసమైనంత సేపు కట్టి ఉంచడం క్రూరత్వం కిందికి వస్తుంది.

శిక్షణకు నూలుతోనో నైలాన్‌తోనో నేసిన సన్నని పట్టీ, చిన్న కొక్కెం, ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల పొడవు ఉన్న లీష్ సరిపోతుంది. మెడపట్టీకీ మెడకూ మధ్య రెండు వేళ్ళు దూరాలి. పిల్ల త్వరగా పెరుగుతుంది కాబట్టి వారానికి ఒకసారైనా సరిచూడాలి. ఎక్కువగా లాగే పిల్లకు ఛాతీ చుట్టూ వేసే హార్నెస్ వాడితే మెడ మీద ఒత్తిడి పడదు.

9.4.2 అలవాటు చేసే క్రమం

మొదట అన్నం పెట్టేముందు మెడపట్టీ వేసి, తిన్న తరువాత తీసేయాలి. రెండు మూడు రోజుల్లో పట్టీ తిండికి సంకేతమవుతుంది. తరువాత ఇంట్లో, మన కళ్ళెదుట మాత్రమే, లీష్‌ను నేల మీద ఈడ్చుకు తిరగనివ్వాలి. ఒంటరిగా వదిలితే మంచం కోడుకో కుర్చీకో చిక్కుకుని మెడకు బిగుసుకోవచ్చు. మూడో దశలో కొసను చేత్తో పట్టుకుని, పిల్ల ఎటు వెళితే అటు మనం వెళ్ళాలి. నాలుగో దశలో మనం రెండడుగులు వేసి, పక్కకు రాగానే కాలి పక్కనే ముక్క ఇవ్వాలి. హాలు, వరండా, గేటు, వీధి అన్న వరుసలో చోటు మార్చాలి. హాల్లో నేర్చినది వీధిలో దానంతటదే రాదు. సామాన్యీకరణం జరగాలంటే ప్రతి కొత్త చోటా కొంతసేపు మొదటి నుంచి నేర్పాలి.

9.4.3 లాగడం ఎవరు నేర్పారు?

బుజ్జి దూరంగా ఉన్న చెట్టును చూసి లాగింది. యజమాని వెనకే నడిచాడు. బుజ్జి చెట్టును చేరింది. లాగితే చెట్టు దొరుకుతుంది! ఇక్కడ తిండి లేకపోయినా ధనాత్మక పునర్బలనం జరిగింది. పునర్బలనం అంటే ఆహారమే కానక్కరలేదని ఈ ఉదాహరణ చెబుతుంది.

దీనికి విరుగుడు లీష్‌ను వెనక్కి గుంజడం కాదు. లీష్ బిగిసిన క్షణంలో మాట్లాడకుండా నిలబడిపోవాలి. బుజ్జి ఆగి వెనక్కి చూసినప్పుడో ఒక అడుగు వెనక్కి వేసినప్పుడో లీష్ వదులవుతుంది. వెంటనే ‘శభాష్’ అని ముందుకు నడవాలి. లీష్ వదులుగా ఉంటేనే దారి సాగుతుందని అది తెలుసుకుంటుంది. తొలి రోజుల్లో పది నిమిషాల్లో నాలుగిళ్ళ దూరం కూడా దాటకపోవచ్చు. బిగిసిన లీష్‌తో ఒక్కరోజు తొందరపడి నడిచినా, మనం పైన చెప్పుకున్న గాలం ఉదాహరణలోని చేప దానికి దొరికినట్లే.

లీష్ కుక్కపిల్లను నడిపించే పగ్గం కాదు. అది వాహనాల కిందికి, వీధికుక్కల మధ్యకు వెళ్ళకుండా కాపాడే ఆసరా. నడిపించేది పునర్బలనమే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 3
లీష్‌ను లాగే అలవాటుకు పునర్బలనం ఏది?

9.5 అనువర్తనం: ‘రా’ అనే పిలుపు

తెరిచిన గేటులోంచి బుజ్జి రోడ్డు మీదికి పరుగెత్తింది. ‘బుజ్జీ, రా’ అని పిలిచారు. ఆ పిలుపుకు అది వెనుదిరుగుతుందా లేదా అన్నదానిపై దాని ప్రాణం ఆధారపడి ఉండవచ్చు.

పది నిమిషాలు ఏడిపించి చివరికి వచ్చినందుకు యజమాని నాలుగు దెబ్బలు వేశాడనుకుందాం. ‘పారిపోయినందుకు కొట్టాను’ అని అతని ఉద్దేశం. బుజ్జి అనుభవంలో మాత్రం దెబ్బకు ముందు జరిగింది పారిపోవడం కాదు, దగ్గరకు రావడం. మర్నాడు అది పిలిస్తే రాదు. కొట్టకపోయినా, కట్టేయడానికీ స్నానానికీ మందు వేయడానికీ మాత్రమే పిలుస్తుంటే ఫలితం అదే.

సరైన క్రమం ఇది. మొదట గదిలో రెండడుగుల దూరం నుంచి ఒకే ఒక్కసారి ‘రా’ అనండి. రాగానే దానికి అన్నిటికన్నా ఇష్టమైన ముక్క ఇచ్చి, మళ్ళీ ఆటకు వదిలేయండి. దూరాన్ని కొద్ది కొద్దిగా పెంచండి. బయట సాధన చేసేటప్పుడు ఐదు నుంచి పది మీటర్ల తేలికైన పొడవాటి తాడు తగిలించండి. అది పారిపోకుండా చూడటానికే, దగ్గరకు ఈడ్వడానికి కాదు. పదిసార్లు పిలిస్తే తొమ్మిదిసార్లు తిరిగి స్వేచ్ఛ దొరకాలి. ఎంత ఆలస్యంగా వచ్చినా, వచ్చినందుకు మెచ్చుకోవాలి. మిగతా పనులకు బహుమతిని పలచబరచినా, ప్రాణరక్షణకు సంబంధించిన ఈ పిలుపుకు ఎప్పటికీ ధారాళంగా ఇవ్వడం మంచిది.

9.6 దండన – పరిమితులు

ఇరవయ్యో శతాబ్దం తొలి భాగంలో కుక్కల శిక్షణ ఎక్కువగా పోలీసు, సైనిక అవసరాల నుంచి రూపొందింది. జర్మనీలో పోలీసు కుక్కలకు శిక్షణ ఇచ్చిన కోన్రాడ్ మోస్ట్ 1910లో వెలువరించిన పుస్తకం ఆ రంగంలో ప్రభావశీలమైనది. మెడపట్టీని గుంజి బలవంతంగా దిద్దడానికి ఆ పద్ధతిలో పెద్ద స్థానం ఉండేది. అలాంటి గుంజుడును లేత పిల్లలు తట్టుకోలేవు కనుక శిక్షణను ఆలస్యంగా మొదలుపెట్టేవారు. 1980లలో పశువైద్యుడు ఇయాన్ డన్‌బార్ అమెరికాలోని కాలిఫోర్నియాలో, లీష్ లేకుండా, ఆహారంతో, ఆటతో చిన్నపిల్లలకు తరగతులు నడిపి ఈ ఆలోచనను మార్చడంలో ముఖ్యపాత్ర వహించాడు. బలప్రయోగం తొలగితే బాల్యంలోనే నేర్పడం సాధ్యమవుతుంది.

దండన ఒక పనిని ఆపవచ్చు. కానీ బదులుగా ఏం చేయాలో నేర్పదు. ఇంట్లో మూత్రం పోసినందుకు కొడితే, ‘ఇంట్లో పోయకూడదు’ అని కాక ‘మనిషి కంటపడేలా పోయకూడదు’ అని నేర్చుకునే అవకాశం ఉంది. అప్పుడు సోఫా వెనక పోస్తుంది. నిద్ర లేవగానే, తిన్న వెంటనే బయటకు తీసుకెళ్ళి, అక్కడ పోయగానే ముక్క ఇవ్వడం సరైన మార్గం.

‘తప్పు చేశానని దానికి తెలుసు, మొహం చూడండి’ అంటారు. అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ‘తప్పుచేసిన’ చూపు కుక్క నిజంగా తప్పు చేసిందా లేదా అన్నదానికన్నా యజమాని మందలించాడా లేదా అన్నదానితో ముడిపడి కనిపించింది. గంటల క్రితం జరిగిన పనికి ఇప్పుడు కోప్పడితే కుక్కపిల్ల నేర్చుకునేది మన భయాన్నే.

9.7 వయసు, ఆరోగ్యం, భద్రత

‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్న సామెతకు కుక్కల విషయంలో శాస్త్రీయ ఆధారం ఉంది. స్కాట్, ఫుల్లర్ అనే పరిశోధకులు 1965లో ప్రచురించిన గ్రంథంలో, సుమారు 3 నుంచి 12 వారాల మధ్యకాలాన్ని సాంఘికీకరణకు కీలక దశగా వివరించారు. ఈ దశలో మనుషులు, పిల్లలు, వాహనాల చప్పుళ్ళు మెల్లగా, భయపెట్టకుండా పరిచయం కావాలి. పెద్ద కుక్కలు కూడా నేర్చుకుంటాయి, అయితే ఎక్కువ సమయం పడుతుంది.

పిల్లను తల్లి నుంచి మరీ తొందరగా వేరుచేయకూడదు. ఎనిమిది వారాలలోపు కుక్కపిల్లలను అమ్మరాదని 2017 నాటి కుక్కల పెంపకం, విక్రయ నియమాలు చెబుతున్నాయి. టీకాలు పూర్తికాని పిల్లను వీధిలో నేల మీద తిప్పితే పార్వో వంటి వ్యాధులు సోకవచ్చు. కాబట్టి ఎత్తుకుని వీధిని చూపించాలి, నేల మీది పాఠాలు ఇంటి ఆవరణలోనే సాగించాలి. రేబీస్ టీకాతో సహా అన్నిటి సమయాన్నీ పశువైద్యుని అడిగి నిర్ణయించుకోవాలి.

ఆటలో పళ్ళు తగిలితే ఆట ఆపి, చేతికి బదులు నమిలే బొమ్మ ఇవ్వాలి. కుక్కపిల్లదైనా సరే, కాటుగాని గోటి గీతగాని పడితే సబ్బుతో, ధారగా పారే నీటితో 15 నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా వైద్యుణ్ణి కలవాలి. ‘చిన్నపిల్లే కదా’ అని వదిలేయడం ప్రమాదకరం.

9.8 సారాంశం

కుక్కపిల్ల సంకేతాలను శాస్త్రీయ నిబంధనం ద్వారా, పనులను కార్యసాధక నిబంధనం ద్వారా నేర్చుకుంటుంది. ఆహారాన్ని పని జరిగిన వెంటనే కూలిగా ఇవ్వాలి. ఎరను ఐదారుసార్లలో తొలగించాలి. పని స్థిరపడ్డాక పాక్షిక పునర్బలనానికి మారాలి. తేలికైన లీష్ భద్రత కోసమే, బలప్రయోగం కోసం కాదు. దండన భయాన్ని నేర్పుతుంది, చేయవలసిన పనిని నేర్పదు. గేటు పక్కన గొలుసుతో మిగిలిపోయే చాలా కుక్కలకు లోపించింది బుద్ధి కాదు, తొలి నెలల్లో రోజుకు పది పదిహేను నిమిషాల పాఠం.

9.9 మీ ప్రగతిని సమీక్షించుకోండి – సమాధానాలు

1. లీష్. షికారుతో పదే పదే జతపడటం వల్ల అది నిబంధిత ఉద్దీపనగా మారింది.
2. చర్యకు ముందు చూపించి కదలికను రాబట్టేది ఎర. చర్య పూర్తయిన వెంటనే ఇచ్చి దాన్ని బలపరిచేది బహుమతి.
3. లాగినప్పుడు కోరిన చోటికి చేరుకోగలగడమే పునర్బలనం.

9.10 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కుక్కపిల్ల శిక్షణ ఆధారంగా నిరంతర, పాక్షిక పునర్బలనాలను సోదాహరణంగా వివరించండి.
2. దండన పరిమితులను ‘రా’ అనే పిలుపు ఉదాహరణతో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. తేలికైన లీష్‌ను అలవాటు చేసే దశలు తెలపండి.
2. భోజనాల దగ్గర అడుక్కునే అలవాటును విరమణ సూత్రంతో ఎలా తొలగిస్తారు?
3. మీ ఇంట్లోగాని పొరుగింట్లోగాని ఉన్న కుక్క అలవాటు ఒకదాన్ని వారంపాటు గమనించి, దానికి పునర్బలనం ఎక్కడ నుంచి అందుతోందో రాయండి.